కొండెక్కే కారని రాసేటప్పుడు ఏ చక్రాలు లాగుతాయో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో కార్ల పేజీ చూశాను. గతుకుల రోడ్లకీ కొండ దారులకీ పనికొచ్చే ఎస్‌యూవీలని ఐదు బండ్ల ఫొటోలు వేసి, ధర ఎంత, టచ్ స్క్రీన్ ఎన్ని అంగుళాలు, సన్‌రూఫ్ ఉందా లేదా, సీట్లోంచి చల్లగాలి వస్తుందా రాదా అన్నీ వివరంగా రాశారు. బాగుంది. కానీ ఆ ఐదింటిలో నాలుగింటికి ముందు చక్రాలు మాత్రమే లాగుతాయన్న ముక్క ఎక్కడా లేదు. ఐదోదానికి ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలూ లాగే ఏర్పాటు, ఉంది గానీ మీరు ధర రాసిన మోడల్లో అది రాదు, దానికి ఇంకా పైన పెట్టుకోవాలి. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, మీకు చోటు లేకపోతే కోసుకోండి, మధ్యలో ఇటుక సంగతి ఒకటి ఉంది, అది మాత్రం తీసెయ్యకండి.

మాది కాశీబుగ్గ. జీడిపిక్కల వ్యాపారం, ఫ్యాక్టరీ గీక్టరీ ఏం లేదు. మార్చి నుంచి మే నెలాఖరు దాకా మందస, మెళియాపుట్టి వైపు కొండకింద ఊళ్లు తిరిగి తోటలు చూసి, పిక్క చూసి, బేరమాడి ఇక్కడి ఫ్యాక్టరీలకి వేయిస్తాను. బస్తా అంటే మా దగ్గర 80 కిలోలు. బస్తాలు ట్రాక్టర్ మీదో ఆటో మీదో దిగిపోతాయి. నేనూ, కాటా చూసే కుర్రాడూ, డబ్బు సంచీ పైకి వెళ్లి చీకటి పడేలోగా కిందికి రావాలి, నాకు బండితో ఉన్న పని అంతే. వినడానికి చిన్న పనే.

నాలుగేళ్ల కిందట ఒక కారు కొన్నాను. పేరెందుకులెండి, కారు తప్పేం లేదు, తప్పు నాదీ, నాకు అమ్మిన కుర్రాడిదీ. ఎత్తుగా ఉంది, చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్ కట్టు ఉంది, పైన లగేజీ కడ్డీలున్నాయి, గేరు పక్కన గుండ్రటి మీట ఒకటి ఉంది, దాన్ని తిప్పితే స్క్రీన్ మీద మంచు, బురద, ఇసుక అని బొమ్మలొస్తాయి. ఇది ఆఫ్‌రోడ్ బండేనా, రోడ్డు లేని చోట కూడా పోతుందా అంటే "పక్కా ఆఫ్‌రోడ్ సర్, మోడ్స్ చూడండి" అన్నాడు. మంచు బొమ్మ చూసి మా ఆవిడ నవ్వింది, మనకి మంచంటే జీడిపూతని మాడ్చేసేదే కదా, దానిక్కూడా కారులో మీట పెట్టారా అని. వెనక చక్రాలు లాగుతాయా అని అడగాలని నాకు తట్టలేదు. టెస్ట్ డ్రైవ్ హైవే మీద. అరచేతిలాంటి రోడ్డు, ఐదారు కిలోమీటర్లు వెళ్లి యూటర్న్ తిప్పుకుని వచ్చేశాం. ఏసీ చల్లగా ఉంది. కొనేశాను.

మరుసటి ఏడు మే నెలలో మందస దాటి కొండకింద ఒక ఊరికి వెళ్లాం. వెళ్లేటప్పుడు ఎండ మండిపోతోంది. బేరం తెగేసరికి సాయంత్రం ఐదయింది, ఈలోగా మహేంద్రగిరి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి అరగంట గాలివాన దంచింది. తిరుగు దారిలో గెడ్డ, అంటే కొండవాగు, ఉంది, గెడ్డ దాటగానే ఎర్రమట్టి ఎక్కుడు, మరీ నిలువు కాదు, సైకిల్ మీదున్నవాడు దిగి నడిపించుకుపోయే పాటిది. గెడ్డలో నీళ్లు చీలమండ దాకానే, ఇబ్బంది లేకుండా దాటాం. ఎక్కుడు సగం దాకా పోయి ఆగిపోయింది. ముందు చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి, మట్టి అద్దం దాకా ఎగురుతోంది, కారు మాత్రం వెనక్కీ పక్కకీ జారుతోంది. ఎక్కుడు మీద బరువంతా వెనక చక్రాల మీద పడుతుందనీ, ముందువి తేలికైపోయి నేలని పట్టుకోలేవనీ, అందుకే ముందు చక్రాలతో లాగే కారుకి తడి ఎక్కుడు కిట్టదనీ తర్వాత మా మెకానిక్ చెప్పాడు. అప్పుడు మాత్రం నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుంటూ యాక్సిలరేటర్ తొక్కుతున్నాను, క్లచ్ మాడిన వాసన వచ్చేదాకా.

ఊరివాళ్లు తాడు తెచ్చారు. కట్టడానికి ముందు వైపు కొక్కెం ఏదీ? ఇప్పటి కార్లకి దాన్ని విడిగా ఇస్తారట, డిక్కీలో మ్యాట్ కింద జాకీ పక్కన ఉంటుందట, బంపర్ మీద చిన్న మూత ఒకటి ఊడదీసి లోపల మరలాగా తిప్పి బిగించుకోవాలట. పుస్తకంలో రాసే ఉంది, పుస్తకం కవర్లోంచి తీస్తే కదా. చేతికందిన కడ్డీకి కట్టేసి పదిమంది ఒక్క ఊపున లాగారు. బంపర్ ఊడి చేతిలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి నాలుగు బస్తాలేసుకుని ఒక ఆటో గడగడమంటూ వచ్చి మా పక్కనుంచే ఎక్కి వెళ్లిపోయింది. దానికి వెనక చక్రాలే లాగుతాయి, ఆ చక్రాల మీద మూడొందల కిలోలకు పైగా బరువుంది, ఎందుకెక్కదు! ఒక ముసలమ్మ చెట్టుకింద నిలబడి ఇదంతా చూస్తోంది. "ఏటి బాబూ, ఆటో ఎక్కిన గట్టు ఇంత కారూ ఎక్కలేదేటి?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు కోసం రెండేళ్లు తిరిగాను. షోరూంలు, తెలిసినవాళ్ల బండ్లు, మెకానిక్ షెడ్లు. నాకు అర్థమైంది చెబుతాను.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడా సర్దడానికి రెండింటి మధ్య డిఫరెన్షియల్ పెడతారు. రోడ్డు మీద అది దేవుడు, బురదలో అదే దెయ్యం. నీరు పల్లమెరుగు అన్నట్టు ఇంజను బలం కూడా ఏ చక్రం తేలిగ్గా తిరిగితే అటే పోతుంది, గట్టి నేల మీదున్న చక్రం చేతులు కట్టుకుని కూర్చుంటుంది. కాబట్టి ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండి కూడా ముందొక చక్రం, వెనకొక చక్రం ఒకేసారి పట్టు తప్పితే ఆగిపోగలదు. దానికి మందు డిఫరెన్షియల్ లాక్, లేదంటే ఊరికే తిరుగుతున్న చక్రానికి తనంతట తనే బ్రేకు వేసి బలాన్ని అవతలి చక్రానికి పంపే ఏర్పాటు. నిజమైన ఆఫ్‌రోడ్ బండికి ఈ రెండింట్లో ఒకటైనా ఉండాలి.

ఇంకోటి లో రేంజ్. ట్రాక్టర్ నడిపినవాడికి చెప్పక్కర్లేదు. అదే ఇంజను, అదే గేరు, కానీ మధ్యలో ఇంకో పళ్లచక్రం కలిపి వేగం తగ్గించి బలం పెంచుతారు, మహీంద్రా థార్‌లో సుమారు రెండున్నర రెట్లు, మారుతి జిమ్నీలో రెండు రెట్లు. ఎక్కడానికన్నా దిగడానికి దాని విలువ తెలుస్తుంది. లో రేంజ్‌లో ఫస్ట్ గేరు వేసి కాళ్లు రెండూ తీసేస్తే తడి కొండ దారిలో బండి దుక్కిటెద్దులా అడుగులో అడుగేసుకుంటూ దిగుతుంది, బ్రేకు తొక్కి జారిపోయే టెన్షన్ ఉండదు. ఆల్ వీల్ డ్రైవ్ అని రాసే కార్లలో చాలావాటికి ఇది లేదు. గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్‌కి నాలుగు చక్రాలూ లాగుతాయి, లో రేంజ్ లేదు. తడి రోడ్డుకీ మెత్తటి మట్టికీ అది చాలు, రాళ్ల గెడ్డకి చాలదు. ఇలాంటి తేడా మీ పేజీలో ఒక్క లైనులో రాయొచ్చు.

గేరు పక్కన రెండో లివర్‌తో వేసుకునే ఫోర్ వీల్ డ్రైవ్‌ని తారు రోడ్డు మీద వాడకూడదని కూడా రాయండి. మా బావ కొత్త బండి కొని, అంత డబ్బు పోశాం కదా వాడొద్దా అని, పలాస నుంచి శ్రీకాకుళం దాకా ఫోర్ హెచ్‌లోనే, అంటే నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగేలా వేసే, నడిపాడు. పార్కింగ్‌లో తిప్పబోతే స్టీరింగ్ బిగుసుకుపోయి బండి కుక్కపిల్లలా గెంతింది. ఇలాంటి బండ్లలో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య తేడా సర్దేది ఏదీ ఉండదు, మట్టి మీదైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది.

ఇప్పుడు ఇటుక. గ్రౌండ్ క్లియరెన్స్ ఇంత అని ప్రతి కంపెనీ మిల్లీమీటర్లలో రాస్తుంది, 180 అనో 200 అనో చదివి తలాడిస్తాం, ఎంతో కంటికి ఆనదు. మన ఇటుక పొడుగు 9 అంగుళాలు, అంటే 230 మిల్లీమీటర్ల దరిదాపు. దాన్ని నిలబెట్టి బండి కింద తోసి చూడండి. థార్‌కి కంపెనీ చెప్పేది 226, జిమ్నీకి 210, స్కార్పియో ఎన్‌కి 187. నా పాత కారు కింద నిలబెట్టిన ఇటుక అసలు దూరలేదు, పడుకోబెట్టి తోయాల్సి వచ్చింది, అదీ ఖాళీ బండికి. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీలో ఒక బస్తా వేశాక చూస్తే ఇంకో రెండు వేళ్లు దిగింది. జిమ్నీ లాంటి బండ్లలో ఇరుసు ముందూ వెనకా ఒకే దుంగలా ఉంటుంది, గుమ్మడికాయంత డిఫరెన్షియల్ గుండు ఆ ఇరుసుకే ఉంటుంది. కిందికి వేలాడేది ఆ గుండే, అది చక్రాలతో పాటే ఉంటుంది కాబట్టి పైన ఎంత బరువేసినా దాని ఎత్తు పెద్దగా మారదు. మామూలు కార్లలో బరువేసిన కొద్దీ పొట్ట కిందికి దిగుతుంది. షోరూంలో నేను సంచీలోంచి ఇటుక తీసేసరికి సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చాడు, అది వేరే కథ.

సర్కారు వారికి కూడా ఈ ఎత్తు మీద ఒక లెక్క ఉండేది. పాత జీఎస్టీ రోజుల్లో నాలుగు మీటర్లు దాటిన పొడుగు, 1500 సీసీ దాటిన ఇంజను, ఖాళీగా 170 మిల్లీమీటర్లకి తగ్గని ఎత్తు ఉంటే దాన్ని ఎస్‌యూవీ కింద లెక్కేసి సెస్సు ఎక్కువ వేసేవారు. ఆ మూడూ ఉంటే చాలు ఎస్‌యూవీ అన్న పేరు వచ్చేస్తుంది, గెడ్డ దాటుతుందా లేదా వాళ్లకెందుకు! 2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్సు తీసేసి, నాలుగు మీటర్ల లోపు పొడుగు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉన్నవాటికి 18 శాతం, మిగతావాటికి 40 శాతం అన్నారు. దీంట్లో కొనేవాడు చూసుకోవాల్సిన మెలిక ఉంది. 2020 అక్టోబర్ 2న కొత్త థార్ వచ్చినప్పుడు అన్నీ ఫోర్ వీల్ డ్రైవే. 2023 జనవరిలో వెనక చక్రాల థార్ వచ్చింది, దాని డీజిల్ 1500 సీసీ లోపు, అందుకే పన్ను తక్కువ, ధర తక్కువ. బయటికి రెండూ కవల పిల్లలు. మా వీధిలో ఒకాయన తక్కువలో థార్ దొరికిందని స్వీట్లు పంచాడు, గేరు పక్కన రెండో లివర్ ఉండాల్సిన చోట చిల్లర వేసుకునే గుంట ఉంది. ఆయనకి అందులో ఇబ్బందేం లేదు, పలాస బజారు దాటి వెళ్లడు. కానీ కొండకి వెళ్లేవాడు ఆ గుంట చూసుకుని కొనాలి. సెకండ్ హ్యాండ్‌లో అయితే మరీను, స్టిక్కర్ ఎవడైనా అంటించగలడు.

కోణాల సంగతి క్లుప్తంగా. గెడ్డలోకి దిగేటప్పుడు ముందు బంపర్ నేలని నాకకుండా ఎంత వాలు దిగగలదు, పైకెక్కాక వెనక బంపర్ ఈడ్చుకుపోకుండా ఎంత, చెరువు గట్టు లాంటిది అడ్డంగా దాటేటప్పుడు పొట్ట తగలకుండా ఎంత, ఈ మూడూ. థార్ ముందు కోణం 41.8 డిగ్రీలు, జిమ్నీది 36. పొట్ట కోణం బండి పొడుగుని బట్టి పోతుంది, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం పెరిగితే గట్టు మీద పొట్ట ఆని నాలుగు చక్రాలూ వెల్లకిలా పడ్డ తాబేలు కాళ్లలా ఆడతాయి. మూడు డోర్ల థార్‌కి ఆ దూరం 2450 మిల్లీమీటర్లు, 2024 ఆగస్టులో వచ్చిన ఐదు డోర్ల థార్ రాక్స్‌కి 2850. ఇంట్లోవాళ్లు సుఖంగా కూర్చోవాలంటే రాక్సే నయం, గట్టుకి మాత్రం పొట్టిదే నయం. రాక్స్ పెట్రోల్లో ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండానే వచ్చింది, కావాలంటే డీజిల్ తీసుకోవాలి.

ఇక నేను ఎక్కి చూసిన బండ్లు. థార్ డీజిల్ బలం గురించి చెప్పక్కర్లేదు, కాకపోతే నలుగురికే సీట్లు, వెనక్కి ఎక్కాలంటే ముందు సీటు మడిచి దూరాలి, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ దాన్ని చూసి "నన్ను ఇంట్లో వదిలేసి పొండిరా" అంది. ఫోర్స్ కంపెనీ గూర్ఖా ఈ జాబితాలో అసలైన మొరటోడు, ముందూ వెనకా రెండు డిఫరెన్షియల్ లాకులు, గాలి పీల్చే గొట్టం కంపెనీయే పైకి పెట్టి ఇస్తుంది, 700 మిల్లీమీటర్ల నీళ్లు దాటుతుందంటారు. మా వైపు రోడ్డు మీద ఏడాదికి ఒకటి కనిపిస్తే గొప్ప, రేపు ఏదైనా సామాను పోతే ఎక్కడికి పరిగెత్తాలో అన్న భయంతో వెనక్కి తగ్గాను. స్కార్పియో ఎన్ ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్లో లో రేంజ్ ఉంది, ఇంటిల్లిపాదీ పడతారు, హైవే మీద దానికి సాటి లేదు, కానీ జీడిచెట్ల మధ్య బండి బాటలో దాని వెడల్పు చూసి నాకే దడ పుట్టింది. స్కార్పియో క్లాసిక్ అని పాతది ఇంకోటి ఉంది, దానికి వెనక చక్రాలే, రెండింటినీ కలిపేసుకోకండి. ఫార్చ్యూనర్ లీడర్లకి వదిలేద్దాం. ఇసుజు వీ క్రాస్ మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో తయారవుతుంది, వెనక ట్రాలీ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్, బస్తాలు వేసుకోవచ్చని ఆశపడ్డాను, ఐదు మీటర్లు దాటిన పొడుగు, కొండ మలుపులో ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిప్పాలి.

బొలెరో గురించి ఒక ముక్క. ఫోర్ వీల్ డ్రైవ్ లేదు, అయినా మా వైపు సగం కొండ ఊళ్లకి వెళ్లేది అదే. వెనక చక్రాల డ్రైవ్, కింద గట్టి ఛాసిస్, ఏ షెడ్డులో అయినా బాగుచేస్తారు, నడిపేవాడికి దారి తెలుసు. ఏడాదికి రెండుసార్లు చుట్టాలింటికి కొండకెళ్లేవాడికి ఫోర్ వీల్ డ్రైవ్ దండగ అని నేనే చెబుతాను, దాని బరువు ప్రతిరోజూ మోయాలి, మైలేజీ ప్రతిరోజూ పోతుంది. నరసన్నపేట నుంచి శ్రీకాకుళం ఆఫీసుకి తిరిగే ఆయన ఏ కారైనా హాయిగా కొనుక్కోవచ్చు. నా గొడవల్లా నిజంగా అవసరం ఉన్నవాడికి ఉత్తుత్తి బండి అంటగట్టడం గురించే.

సెకండ్ హ్యాండ్ కూడా చూశాను. విశాఖలో ఒక బండి, మూడేళ్లది, తళతళా మెరుస్తోంది. మా మెకానిక్‌ని కూడా తీసుకెళ్లాను, అతను పై మెరుపు వైపు కన్నెత్తి చూడలేదు, గోనెసంచి పరుచుకుని కిందకి దూరాడు. కాసేపటికి "అన్నా, ఒకసారి వొంగి చూడు" అని పిలిచాడు. వెనక డిఫరెన్షియల్ గుండుకున్న బోల్టు కొంచెం వదులు చేస్తే నూనె కారింది, తేనె రంగులో ఉండాల్సింది పాలు కలిపిన టీలా ఉంది. అంటే లోపలికి నీళ్లు పోయాయి, పోయాక ఎవరూ మార్చలేదు. ఛాసిస్ అంచుల్లో వేలు పెడితే తుప్పు రేకులు రేకులుగా ఊడొచ్చింది, సముద్రం ఒడ్డున నడిపి కడగలేదు. నాలుగు టైర్లలో రెండు ఒక సైజు, రెండు ఇంకో సైజు. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి అది చాలు గేర్ బాక్స్ చెడడానికి. ఫోర్ ఎల్‌లో, అంటే లో రేంజ్‌లో, వేయమంటే అమ్మేవాడు "ఎప్పుడూ వాడలేదండీ, కొత్తదే" అన్నాడు, లివర్ కదిలితే కదా! టీ తాగి రైలెక్కేశాం.

చివరికి జిమ్నీ కొత్తది తీసుకున్నాను, మాన్యువల్. అది మన మార్కెట్లోకి 2023 జూన్‌లో వచ్చింది, చాలా కంపెనీల బండ్లలా కాకుండా ఏ రకం తీసుకున్నా ఫోర్ వీల్ డ్రైవూ లో రేంజూ అందులోనే ఉంటాయి. బరువు 12 వందల కిలోల దరిదాపు, ఇరుక్కున్నా నలుగురు పట్టి లాగొచ్చు. వెడల్పు 1645 మిల్లీమీటర్లు, జీడికొమ్మలు అద్దాలకి తగలకుండా పోతుంది. పొగుడుతున్నానని అనుకోకండి, తిట్టడానికీ ఉంది. అంత డబ్బు పెట్టి నలుగురికే సీట్లు. డిక్కీ 208 లీటర్లు, బస్తా సంగతి దేవుడెరుగు, మా ఆవిడ బరంపురం వెళ్లి చీరలు కొంటే ఒడిలో పెట్టుకుని రావాలి. హైవే మీద లారీని దాటాలంటే గేరు తగ్గించి ముందునుంచే ఊపు తెచ్చుకోవాలి. కంపెనీ 16.94 అని చెప్పే మైలేజీ కొండ రోజుల్లో నాకు పదకొండు దాటదు. అమ్మ ఎక్కడానికి చిన్న పీట ఒకటి వెనక పెట్టుకుని తిరుగుతున్నాం. ధర విషయంలో ఒక్కటి, షోరూం రేటు చూసి బ్యాంకుకి పోకండి, లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు, పది లక్షలు దాటితే అమ్మేవాడు మన దగ్గరే వసూలు చేసి సర్కారుకి కట్టే ఒక శాతం టీసీఎస్ అన్నీ పైన పడతాయి. ఆ టీసీఎస్‌ని రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకోవచ్చని నాకు ఆడిటర్ చెప్పేదాకా తెలీదు.

నీళ్ల గురించి రాయకపోతే పాపం తగులుతుంది, మనది తుఫాన్ల జిల్లా. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చి వెళ్లాక మా ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఎలా పడుకున్నాయో చూసినవాడెవడూ మర్చిపోడు. థార్‌కి 650 మిల్లీమీటర్ల నీళ్లు అని రాస్తారు, అంటే నిలబడ్డ మనిషికి మోకాలు దాటి. అది నిలవ నీటికి, మెల్లగా దాటితే. పారే నీళ్లు మోకాలి లోపే ఉన్నా బండిని పక్కకి తోసేస్తాయి, మహేంద్రతనయ నది పొంగినప్పుడు ఎవడి లాకులూ పనిచెయ్యవు. గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు పోయి ఇంజను ఆగిందా, మళ్లీ స్టార్ట్ చెయ్యకండి, నీళ్లు గాలిలా నొక్కుకోవు కాబట్టి లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఇంజనే పోతుంది. మామూలు ఇన్సూరెన్స్‌లో ఆ నష్టం రాదు, బంపర్ టు బంపర్ పాలసీ ఉందని ధైర్యంగా ఉంటారు, అందులోనూ రాదు, ఇంజను ప్రొటెక్షన్ అని విడిగా కట్టాలి. కట్టేది వేలల్లో, పోయేది లక్షల్లో.

కొనగానే ముందు బంపర్‌కి పెద్ద ఇనుప గార్డు బిగించే కుర్రాళ్లకి: 2017 డిసెంబర్లోనే కేంద్ర రవాణా శాఖ వాటిని తీయించమని రాష్ట్రాలకి రాసింది, ఎదుటివాడికి ప్రమాదం, మీ ఎయిర్‌బ్యాగు తెరుచుకోవడంలోనూ తేడా రావచ్చు. బారువ, కళింగపట్నం ఇసుకలో బండి తిప్పి వీడియోలు తీసేవాళ్లకి ఇంకో మాట. ఇసుకలో టైరు గాలి 18 పీఎస్ఐ దాకా దించితే బండి పోతుంది, నిజమే, కానీ చలికాలం చివరి నుంచి వేసవి దాకా ఆ ఇసుకలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. మీ టైరు కింద ఏముందో మీకు కనపడదు. ఇసుక సరదా అంత ఉంటే ఏటి ఒడ్డున ఊరివాళ్లనడిగి తీర్చుకోండి.

మిమ్మల్ని అడిగేది ఇంతే. ఇకమీదట కార్ల పేజీలో ఏ బండికైనా ఆఫ్‌రోడ్ అన్న మాట తగిలిస్తే, ధర పక్కన ఏ చక్రాలు లాగుతాయి, లో రేంజ్ ఉందా, మనుషులెక్కాక కింద ఎంత ఎత్తు మిగులుతుంది, స్పేర్ టైరు మిగతావాటి సైజేనా లేక సన్నదా, ఇవి కూడా చిన్న అక్షరాల్లో అయినా వెయ్యండి. సన్‌రూఫ్ గురించి కోసేస్తే చోటు దానంతటదే వస్తుంది. షోరూంలవాళ్లు కూడా జిల్లాకి ఒక్క చోటైనా, ఊరవతల ఒక మట్టి గట్టు మీద టెస్ట్ డ్రైవ్ ఇస్తే బాగుంటుంది, కొనేవాడికి పావుగంటలో అర్థమైపోతుంది. మీ విలేకరికి నా మాట మీద నమ్మకం కుదరకపోతే మే నెలలో గాలివాన పడ్డ మర్నాడు కాశీబుగ్గ రమ్మనండి, ఆ ఎక్కుడు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. తనకి నచ్చిన కారు తెచ్చుకోవచ్చు. డిక్కీలో కొక్కెం ఎక్కడుందో మాత్రం ముందే చూసుకుని రమ్మనండి, తాడు నా దగ్గరుంది.

ఇట్లు,
ఒక జీడిపిక్కల వ్యాపారి,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా